బరువు తగ్గింది సరే, ఆరోగ్యం కుదుటపడిందా?

స్థూలకాయం తగ్గేందుకు శస్త్రచికిత్స చేయించుకున్నవారికి బంధువుల నుండి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఎన్ని కిలోలు తగ్గారు?’ అన్నదే. చాలాకాలం వైద్యులూ దాదాపు అదే అడిగారు. అదనపు బరువులో సగమైనా తగ్గితే చికిత్స ఫలించినట్లే భావించేవారు.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న ఇద్దరు స్త్రీలను ఊహించండి. ఆ ఎత్తుకు 64 కిలోలు దాటితే అదనపు బరువే. ఒకామె 104 కిలోలు, మరొకామె 144 కిలోలు. ఇద్దరూ తమ బరువులో సరిగ్గా నాలుగో వంతు తగ్గారు. మొదటామె తగ్గిన 26 కిలోలు ఆమె అదనపు బరువులో 65 శాతం. రెండవ ఆమె 36 కిలోలు తగ్గినా అది 45 శాతమే. ఎక్కువ తగ్గిన ఆమే విఫలురాలన్నమాట! అందుకే నేడు మొత్తం బరువులో తగ్గిన శాతాన్ని కూడా పేర్కొంటున్నారు.

అసలు బరువొక్కటే కొలిస్తే చాలదు. 1998లో ఓరియా, మూర్‌హెడ్ రూపొందించిన ‘బారోస్’ కొలమానం బరువుతోపాటు జబ్బులు నయమైన తీరుకు, జీవన నాణ్యతకు కూడా మార్కులు వేస్తుంది. శస్త్రచికిత్స వల్ల చిక్కులు వచ్చినా, మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చినా మార్కులు కోస్తుంది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 150 మంది మధుమేహ రోగులపై ‘స్టాంపీడ్’ అధ్యయనం జరిపింది. హెచ్‌బీఏ1సీ 6 శాతం లేదా అంతకు తక్కువ ఉండాలన్నది లక్ష్యం. అయిదేళ్ళ తర్వాత దానిని అందుకున్నవారు మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం, స్లీవ్ చికిత్స పొందినవారిలో 23 శాతం, బైపాస్ పొందినవారిలో 29 శాతం. శస్త్రచికిత్స మేలైనదనడంలో సందేహం లేదు. అయితే అది చేయించుకున్నవారిలోనూ అధికశాతం ఆ గీతను చేరలేదన్న మాటను ప్రకటనలు చెప్పవు.

గడువు కూడా ముఖ్యమే. తొలి ఒకటి రెండేళ్ళలో బరువు బాగా తగ్గి, ఆపై కొంత తిరిగి పెరగడం సాధారణం. ఏడాదికే లెక్క ముగిస్తే ఫలితం అందంగా కనిపిస్తుంది. పరీక్షలకు రావడం మానేసినవారిని విడిచిపెట్టి సగటు తీస్తే మరింత అందంగా కనిపిస్తుంది. ఆసుపత్రి వారు విజయశాతం చెప్పినప్పుడు, ‘ఎన్నేళ్ళకు? ఎంతమందిలో ఎంతమందిని చూసి?’ అని అడగడం కుటుంబ పెద్దల హక్కు.

బి12, ఇనుము, కాల్షియం లోపాలను బరువు యంత్రం చూపదు. వాటికి ఏటా రక్తపరీక్ష తప్పదు. ఏడాది నుండి ఏడాదిన్నర వరకు గర్భధారణను వాయిదా వేయమని వైద్యులు స్త్రీలకు సూచిస్తారు. ఇక రంజాన్ సంగతి. చిన్నదైన జీర్ణాశయం సహరీ వేళ గటగటా నీళ్ళు తాగనివ్వదు. మాత్రల వేళలూ మారిపోతాయి. వ్యాధిగ్రస్తులకు సడలింపు ఉన్నదని పాఠకులకు తెలిసిందే. బారోస్ ప్రశ్నలలో ఉపవాసం ఊసే లేదు కనుక, రోజా నాటి నీరసాన్ని, తలతిరుగుడును రోగి స్వయంగా రాసిపెట్టుకొని వైద్యునికి చూపవలసి ఉంటుంది.