చర్మమందలి కావలికారులు

మానవశరీరమును రోగములనుండి కాపాడునది రక్తమేయనియు, చర్మము పై కప్పు మాత్రమేయనియు మనలో పలువురు తలంతురు. ఇది పూర్ణసత్యము కాదని మేము ఇచ్చట వివరింపగోరుచున్నాము.

రక్తమందలి తెల్లకణములలో టి కణములనునవి యొక జాతి. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ములోని థైమస్ గ్రంథియందు శిక్షణ పొందును. ఒక సూక్ష్మక్రిమిని ఎదుర్కొనిన పిమ్మట వీనిలో కొన్ని దాని జ్ఞప్తితో చిరకాలము నిలుచును. 2006వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరమందు రేచెల్ క్లార్క్ మొదలగు పరిశోధకులు ఆరోగ్యవంతమైన చర్మమును పరీక్షించి, చదరపు సెంటీమీటరునకు సుమారు 10 లక్షల టి కణములున్నవని లెక్కించిరి. చర్మమంతటిలో ఇవి సుమారు 2,000 కోట్లు. అనగా రక్తములో తిరుగువానికి దాదాపు రెండు రెట్లు. రక్తమందు ఇంకను ఏ శత్రువును ఎరుగని కణములు అనేకములుండగా, చర్మమందున్నవి దాదాపు అన్నియు జ్ఞప్తి గలవే. అవి బాటసారులవంటివి; ఇవి ఊరిలో కాపురముండు కావలికారులవంటివి. మన సిర్గాపూరు చేలలో కాలికి ముల్లు గ్రుచ్చుకొని, పూర్వమెరిగిన క్రిమి దానితో ప్రవేశించినచో, రక్తమునుండి సహాయము వచ్చులోపలనే ఇవి పోరాటమునకు పూనుకొనును.

ఈ కావలి యెంత ముఖ్యమో కుష్ఠువ్యాధి తెలుపుచున్నది. 1873లో నార్వేదేశీయుడగు హాన్‌సెన్ కనుగొనిన ఆ క్రిమి చర్మమును, నరములను ఆశ్రయించును. టి కణములు గట్టిగా ఎదిరించినచో మచ్చలు కొద్దిగానే యుండును. ఎదిరింపు సడలినచో క్రిములు విస్తారముగా వ్యాపించును. అయితే ఆ పోరాటమువలన నరములకును హాని కలుగవచ్చును. మచ్చయందు స్పర్శ నశించుటకు అదియొక కారణము.

మనకు ఈశాన్యమున, నిజామాబాదు సమీపమందలి డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని 1915లో కుష్ఠురోగులకై వైద్యశాలను నెలకొల్పెను. ఆ కాలమున నూనె సూదిమందులే ఆధారము. నేడు మూడు మందులను కలిపి 6 లేక 12 మాసములు సేవించినచో వ్యాధి నయమగును. ప్రభుత్వ వైద్యశాలలలో ఈ మందులు ఉచితము. చికిత్స మొదలైన కొలదికాలమునకే అది ఇతరులకు సోకుట నిలిచిపోవును.

విద్యార్థులారా, తలిదండ్రులారా! ఈ వ్యాధిని వైద్యులు రక్తపరీక్షచే గాక, చర్మమును, నరములను తాకి చూచి గుర్తింతురు. కావున దేహముపై రంగు మారి, స్పర్శ తెలియని మచ్చ కనబడినచో సిగ్గుపడి దాచవలదు. ఆలస్యమైనకొలది చేతులు, కాళ్లు, కన్నులు చెడవచ్చును. వెంటనే వైద్యునకు చూపుడు. అట్టి మచ్చగల తోడివిద్యార్థిని బడినుండి గాని, పంక్తినుండి గాని వెలివేయకుడు. అతనికి కావలసినది మందు, మన స్నేహము.