జాతీయ గీతం వేళ ఒక మోకాలు

మొదటి రెండు మ్యాచ్‌ల్లో అతను ఎవరి కంటా పడలేదు. 2016 ఆగస్టు అది. అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ ఇంకా మొదలు కాలేదు, సన్నాహక మ్యాచ్‌లు నడుస్తున్నాయి. జాతీయ గీతం మోగుతుంటే శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీ నైనర్స్ జట్టు ఆటగాడు కోలిన్ కేపర్నిక్ లేవకుండా బెంచీ మీదే ఉండిపోయాడు. ఆ రెండు రోజులూ ఆట దుస్తుల్లో లేడు కాబట్టి పట్టించుకున్నవాళ్లు లేరు. ఆగస్టు 26న మూడో మ్యాచ్‌లో ఒక విలేకరి మైదానాన్ని ఫొటో తీశారు. అందరూ నిలబడి ఉన్నారు, నీళ్ల డబ్బాల దగ్గర ఒక్కడు మాత్రం కూర్చుని ఉన్నాడు. ఆ ఫొటో తెల్లారేసరికి దేశమంతా తిరిగింది.

ఎందుకు కూర్చున్నావని అడిగితే దాచలేదు. నల్లజాతివాళ్లను అణచివేస్తున్న దేశపు జెండా చూసి గర్వంగా నిలబడలేనన్నాడు. పోలీసులు మనుషుల్ని చంపి కూడా శిక్ష లేకుండా తప్పించుకుంటున్నారన్నాడు. ఆ జూలైలోనే వరసగా రెండు రోజుల్లో లూసియానాలో ఆల్టన్ స్టెర్లింగ్, మిన్నెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే ఇద్దరు నల్లజాతీయులు పోలీసు తూటాలకు బలయ్యారు. రెండు ఘటనలూ వీడియోల్లో జనం చూశారు.

కేపర్నిక్ ఊరూపేరూ లేని ఆటగాడేమీ కాదు. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు ఆటంతా ఎవరి చేతిలో మొదలవుతుందో ఆ మనిషి. 2013లో తన జట్టును సూపర్‌బౌల్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. నల్లజాతి తండ్రికి, తెల్లజాతి తల్లికి పుట్టి, తెల్లజాతి దంపతుల దత్తపుత్రుడిగా కాలిఫోర్నియాలోని ఓ చిన్న ఊళ్లో పెరిగాడు.

కూర్చున్నవాడు మోకాలి మీదికి ఎలా వచ్చాడో చాలామందికి తెలియదు. నేట్ బోయర్ అని ఒక మాజీ సైనికుడున్నాడు. అమెరికా సైన్యంలోని ప్రత్యేక దళం గ్రీన్ బెరేలో పనిచేసి, తర్వాత కొద్దికాలం ఫుట్‌బాల్ కూడా ఆడాడు. కేపర్నిక్ కూర్చోవడం అతన్ని నొప్పించింది. అయినా తిట్టలేదు, ఒక బహిరంగ లేఖ రాశాడు. కేపర్నిక్ కబురు పెట్టి పిలిపించుకున్నాడు. శాన్ డియేగోలోని హోటల్ లాబీలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. కూర్చోవడం కన్నా ఒక మోకాలు నేలకు ఆనించడం మేలని బోయర్ చెప్పాడు. చనిపోయిన సహచరుడి సమాధి ముందు సైనికులు అలాగే మోకరిల్లుతారట. సెప్టెంబర్ 1న కేపర్నిక్ మోకాలు వంచాడు, సహ ఆటగాడు ఎరిక్ రీడ్ కూడా వంచాడు. పక్కనే బోయర్ గుండె మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. మ్యాచ్ జరిగిన శాన్ డియేగో నౌకాదళ నగరం. పైగా ఆ రాత్రి మ్యాచ్ సైనికుల గౌరవార్థం జరిగింది. గ్యాలరీలు ఛీత్కారాలతో హోరెత్తాయి.

ఇంత జాగ్రత్తగా, ఒక సైనికుడి సలహాతో ఎంచుకున్న భంగిమ సైనికులకు అవమానంగానే చలామణీ అయింది. జెర్సీలు తగలబెట్టారు, ఆ నెలలోనే అతని జెర్సీ లీగ్ మొత్తంలో ఎక్కువగా అమ్ముడుపోయింది కూడా. పోలీసు కాల్పుల గురించి అడిగిన ప్రశ్న మాత్రం పక్కకు పోయి, చర్చంతా మోకాలి చుట్టూ తిరిగింది.

కోపగించుకున్న వాళ్లందరినీ జాత్యహంకారులని కొట్టిపారేయడం అన్యాయం. కొడుకు శవపేటిక మీద కప్పిన ఆ జెండానే మడిచి చేతుల్లో పెడితే తెచ్చుకున్న తల్లిదండ్రులు ఆ దేశంలో ఎందరో. వాళ్ల బాధ నటన కాదు. కానీ మైదానంలో కనిపించే దేశభక్తి అంతా అంత సహజమైనదీ కాదు. బేస్‌బాల్ మైదానంలో ఆ గీతం పెద్దఎత్తున వినిపించింది 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా. అప్పటికది జాతీయ గీతం కూడా కాదు, చట్టం ఆ హోదా ఇచ్చింది 1931లో. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనైతే 2009 దాకా రాత్రివేళ జాతీయ టీవీలో వచ్చే మ్యాచ్‌లకు గీతం పాడేటప్పుడు ఆటగాళ్లు మామూలుగా డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండేవాళ్లు. 2015లో ఇంకో సంగతి బయటపడింది. మైదానమంత జెండాలు పరచడానికి, సైనికులను సన్మానించడానికి, గీతాలాపనకు రక్షణ శాఖ జట్లకు డబ్బు కడుతోందని జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ అనే ఇద్దరు రిపబ్లికన్ సెనేటర్లు నివేదిక ఇచ్చారు. నాలుగేళ్లలో వివిధ క్రీడలకు అలా వెళ్లింది 68 లక్షల డాలర్లు. ఫుట్‌బాల్ లీగ్ మరుసటి ఏడాది 7 లక్షల డాలర్లకు పైగా వెనక్కి ఇచ్చేసింది. దేశభక్తికి బిల్లు వేసి తీసుకున్నవాళ్లు ఉచితంగా మోకాలు వంచినవాడికి దేశభక్తి పాఠం చెప్పడం కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది.

2017 సెప్టెంబర్‌లో అలబామాలోని హంట్స్‌విల్ సభలో అధ్యక్షుడు ట్రంప్ గీతం వేళ మోకరిల్లే ఆటగాళ్లను బూతుమాటతో తిట్టి, జట్టు యజమానులు వాళ్లను ఉద్యోగం నుంచి పీకెయ్యాలన్నాడు. ఆ వారాంతంలో రెండువందల మందికి పైగా ఆటగాళ్లు కూర్చోవడమో మోకరిల్లడమో చేశారు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఈ గొడవే వద్దనుకుని, గీతం అయ్యేదాకా మైదానంలోకి రాకుండా ప్రవేశ సొరంగంలో ఆగిపోవాలని నిర్ణయించుకుంది. అఫ్గానిస్థాన్‌లో మూడుసార్లు యుద్ధ విధులు నిర్వహించి వచ్చిన అలెహాండ్రో విల్లనూవా అనే ఆటగాడు మాత్రం ముందుకు వచ్చి సొరంగం అంచున ఒంటరిగా నిలబడ్డాడు. రాత్రికి రాత్రి అతని జెర్సీ అమ్మకాల్లో మొదటి స్థానానికి ఎక్కింది. మర్నాడు అతనే జట్టు సభ్యులకు క్షమాపణ చెప్పుకున్నాడు. మోకాలు వంచినవాడికీ నెమ్మది లేదు, నిటారుగా నిలబడినవాడికీ లేదు.

ఇలాంటి గొడవ అమెరికాకు కొత్తేమీ కాదు.

1968 అక్టోబర్ 16, మెక్సికో ఒలింపిక్స్. రెండువందల మీటర్ల పరుగులో టామీ స్మిత్ 19.83 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచాడు. జాన్ కార్లోస్‌కు కాంస్యం. ఇద్దరి మధ్య రజతం అందుకున్నవాడు పీటర్ నార్మన్ అనే తెల్లజాతి ఆస్ట్రేలియన్. పతకాలిచ్చే ముందు ఒక చిక్కు వచ్చింది. కార్లోస్ తన నల్ల చేతితొడుగులు మరిచిపోయి వచ్చాడు. ఉన్న ఒక్క జతనే చెరొకటి వేసుకోండని సలహా ఇచ్చింది నార్మనే. అందుకే ఆ ఫొటోలో స్మిత్ కుడి పిడికిలి ఎత్తితే, కార్లోస్ ఎడమది ఎత్తాడు. కాళ్లకు బూట్లు లేవు, నల్ల మేజోళ్లు మాత్రమే. అది నల్లజాతి పేదరికానికి గుర్తు. మూకల చేతిలో ఉరికి వేలాడిన వాళ్లను తలుచుకుంటూ కార్లోస్ మెడలో పూసలు వేసుకున్నాడు. నార్మన్ చెయ్యెత్తలేదు. కానీ ఆ ఇద్దరూ పెట్టుకున్న మానవ హక్కుల బ్యాడ్జీని అడిగి తీసుకుని తన ఛాతీకీ తగిలించుకున్నాడు.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు ఎవరీ బ్రండేజ్ మండిపడ్డాడు. ఆ ఇద్దరినీ పంపెయ్యకపోతే అమెరికా అథ్లెటిక్స్ బృందం మొత్తాన్నీ వెళ్లగొడతామని బెదిరిస్తే, అమెరికా సంఘం తలవంచి ఇద్దర్నీ క్రీడాగ్రామం నుంచి పంపేసింది. పతకాలు లాక్కున్నారని ఇప్పటికీ కొందరు రాస్తారు, అది నిజం కాదు. ఈ బ్రండేజే 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి అమెరికా ఒలింపిక్ సంఘానికి అధ్యక్షుడు. అక్కడి నాజీ వందనాలకు అతను అభ్యంతరం చెప్పలేదు. షికాగో పత్రికలో బ్రెంట్ మస్‌బర్గర్ అనే విలేకరి మాత్రం స్మిత్, కార్లోస్‌లనే హిట్లర్ దళాలతో పోల్చాడు. ఆ ఇద్దరు ఆటగాళ్ల ఇళ్లకు చంపుతామనే బెదిరింపులు వచ్చాయి. పని దొరక్క ఏళ్లు గడిచాయి.

నార్మన్‌కు 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో చోటు దక్కలేదు. దానికీ, ఆ బ్యాడ్జీకీ సంబంధం ఉందా లేదా అన్నది ఆస్ట్రేలియాలో ఇప్పటికీ తెగని వాదన. 2006లో అతను చనిపోతే శవపేటిక మోసినవాళ్లలో స్మిత్, కార్లోస్ ఉన్నారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు అతనికి క్షమాపణ చెప్పింది, వినడానికి మనిషి లేడు. 1968 నాటి అతని 20.06 సెకన్ల జాతీయ రికార్డు మాత్రం 2024 డిసెంబర్ దాకా చెక్కుచెదరలేదు. గౌట్ గౌట్ అనే కుర్రాడు దాన్ని 20.04తో దాటాడు.

అదే మెక్సికోలో ఇంకో తల కూడా పక్కకు తిరిగింది. సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాలోకి దిగి రెండు నెలలే అయింది. విజయవేదిక మీద సోవియట్ గీతం మోగుతుంటే చెక్ జిమ్నాస్ట్ వేరా చాస్లావ్‌స్కా తల వంచి, మొహం తిప్పుకుంది. ఆమెను క్రీడాగ్రామం నుంచి ఎవరూ పంపలేదు. శిక్ష వేసింది స్వదేశంలోని ప్రభుత్వం. ఆటకు దూరం చేసి, ఏళ్ల తరబడి విదేశాలకు వెళ్లనివ్వలేదు. ఎదుటివాడి గీతానికి మొహం తిప్పితే సాహసం, సొంత గీతానికి తిప్పితే ద్రోహం. ఈ లెక్క ఒక్క దేశానిది కాదు. 2022 ప్రపంచకప్‌లో ఇరాన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు ముందు పెదవి విప్పకుండా నిలబడితే, అంతకు రెండు నెలల ముందు పోలీసు కస్టడీలో చనిపోయిన మహ్సా అమీని కోసం వీధుల్లోకి వచ్చిన జనానికి మద్దతుగానేనని ప్రపంచమంతా అర్థం చేసుకుంది. నాలుగు రోజుల తర్వాత వేల్స్‌తో ఆడేటప్పుడు అదే ఆటగాళ్ల పెదవులు కదిలాయి.

బాస్కెట్‌బాల్‌లో మహ్మూద్ అబ్దుల్ రవూఫ్ కథ ఇంకా నిశ్శబ్దంగా ముగిసింది. డెన్వర్ నగ్గెట్స్ తరఫున ఎక్కువ పాయింట్లు సాధిస్తున్న ఈ ఆటగాడు 1996లో గీతానికి నిలబడనంటే ఒక మ్యాచ్ సస్పెండ్ చేశారు. నిలబడి తల వంచి ప్రార్థన చేసుకుంటానని రాజీపడ్డాడు. ఆ వేసవిలోనే వేరే జట్టుకు పంపేశారు, రెండేళ్లకు టర్కీ వెళ్లి ఆడుకోవలసి వచ్చింది.

మన దేశంలో గీతం వేళ నిరసన తెలిపిన పెద్ద ఆటగాడి ఉదంతం లేదు గానీ, అసలు ప్రశ్న సుప్రీంకోర్టు గడప తొక్కింది. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతానికి నిలబడేవారు, పాడేవారు కాదు. 1985లో వాళ్లను బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో వాళ్లను తిరిగి చేర్చుకోవాలని తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గౌరవంగా నిలబడి పాడకపోవడం అవమానం కాదని, పాడి తీరాలనే చట్టమేదీ లేదని తేల్చారు. జెండా వందనం చెయ్యాలని బడిపిల్లలను బలవంతపెట్టకూడదన్న 1943 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పును కూడా ఆయన అందులో ప్రస్తావించారు. ఆ పిల్లలు నిలబడ్డారన్నది మరవకూడదు. మోకాలు వంచితే ఏమిటన్నది ఆ కోర్టు ముందుకు రాలేదు.

అమెరికా రాజ్యాంగం కేపర్నిక్‌ను జైలుకు వెళ్లకుండా కాపాడింది, ఉద్యోగాన్ని కాపాడలేకపోయింది. మాట స్వేచ్ఛ హామీ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు జట్టు యజమానిని కాదు. 2017 మార్చిలో కాంట్రాక్టు నుంచి బయటికి వచ్చాక లీగ్‌లోని 32 జట్లలో ఒక్కటీ అతన్ని తీసుకోలేదు. యజమానులు కూడబలుక్కున్నారని ఫిర్యాదు చేస్తే 2019 ఫిబ్రవరిలో లీగ్ రాజీ చేసుకుంది, ఎంతిచ్చారో బయటపెట్టలేదు. 2020 మేలో మిన్నియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద పోలీసు మోకాలు పడి ప్రాణం పోయాక గానీ లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ నోరు విప్పలేదు. ఆటగాళ్ల మాట ముందే వినకపోవడం తప్పేనని వీడియోలో ఒప్పుకున్నాడు. అందులో కేపర్నిక్ పేరు లేదు. అతనికి జట్టూ రాలేదు.

కాలం గడిచి వేడి చల్లారాక పూలదండ వెయ్యడం సంస్థలకు బాగా అలవాటైన పని. స్మిత్, కార్లోస్ చదివిన శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయంలో 2005లో వాళ్ల విగ్రహం పెట్టారు. 2016 సెప్టెంబర్‌లో, సరిగ్గా కేపర్నిక్ మోకాలు వంచిన నెలలోనే, ఒబామా వాళ్లిద్దరినీ వైట్‌హౌస్‌లో ఒలింపిక్ బృందంతో పాటు గౌరవించాడు. 2019 మరీ విచిత్రం. ఆ ఆగస్టులో లిమాలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన హ్యామర్ త్రో క్రీడాకారిణి గ్వెన్ బెర్రీ గీతం వేళ పిడికిలి ఎత్తింది, కత్తియుద్ధ క్రీడాకారుడు రేస్ ఇంబోడెన్ మోకాలు వంచాడు. అమెరికా ఒలింపిక్ సంఘం ఇద్దరినీ పన్నెండు నెలల ప్రొబేషన్‌లో పెట్టింది. నవంబర్‌లో అదే సంఘం అదే పని చేసిన స్మిత్, కార్లోస్‌లను తన ప్రముఖుల జాబితాలోకి ఎక్కించి సత్కరించింది. ఇలాంటి నిరసనలకు ఇక శిక్షలు వెయ్యమని ఆ సంఘం ప్రకటించింది 2020 డిసెంబర్‌లో.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం మాత్రం అంత దూరం రాలేదు. 2021 జూలైలో టోక్యో క్రీడలకు ముందు నియమాన్ని కాస్త సడలించి, పోటీ మొదలయ్యేలోపు మైదానంలో అభిప్రాయం చెప్పుకోవచ్చంది. ఆ అవకాశంతో పలు మహిళా ఫుట్‌బాల్ జట్లు మొదటి రోజే మోకరిల్లాయి. పతకాలిచ్చే విజయవేదిక మీద నిరసనలపై ఉన్న నిషేధం మాత్రం పారిస్ ఒలింపిక్స్‌లోనూ కొనసాగింది.