పటము చేతబట్టి పరుగు

పరుగు పందెమనగానే మన కన్నుల ముందు సున్నపు గీతలు గీసిన మైదానము మెదలుతుంది. ఎటు పరుగెత్తవలెనో అక్కడ సందేహము లేదు. ఎంత వేగముగా పరుగెత్తగలమన్నదే ప్రశ్న. అట్లుగాక, దారి ఎవ్వరూ చూపని పందెము మరొకటి ఉన్నది. పోటీదారు చేతికి ఒక పటమునిచ్చి, దిక్సూచి తోడుగా అడవిలోకి పంపుతారు. ఏ దారిన పోవలెనో అతడే నిర్ణయించుకొనవలెను. దీనికి ఓరియెంటీరింగ్ అని పేరు. మనము ‘పటము పరుగు’ అని పిలుచుకొనవచ్చును.

ఈ క్రీడకు పుట్టినిల్లు ఉత్తర ఐరోపా. పటము చూచి దారి కనుగొనే విద్య మొదట సైనికులది. 1919లో స్వీడనుకు చెందిన ఎర్నెస్ట్ కిలాండర్ అనే స్కౌటు నాయకుడు, మైదానపు పరుగు పట్ల యువకులకు ఆసక్తి తగ్గుతున్నదని గ్రహించి, వారిని అడవి వైపు మళ్ళించి దీనిని ప్రజల క్రీడగా తీర్చిదిద్దినాడు. 1961లో కోపెన్‌హేగన్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది. 1966లో ఫిన్లాండులో మొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. మన దేశములో ఎన్.సి.సి. శిబిరములలో పటము చదువుట, దిక్సూచి వాడుట నేర్పుతారు. ఆ శిక్షణ పొందిన విద్యార్థికి ఈ ఆట సగము తెలిసినట్లే.

పోటీ జరిగే తీరు ఇది. పోటీదారులను కొన్ని నిమిషముల ఎడముతో ఒక్కొక్కరినే పంపుతారు. పటముపై వరుస అంకెలతో కొన్ని గుర్తులుంటాయి. నేలమీద ఆ స్థలములలో నారింజ, తెలుపు రంగుల చిన్న జెండాలు వ్రేలాడుతుంటాయి. అన్నింటినీ వరుస తప్పకుండా దర్శించి, ప్రతిచోటా ముద్ర వేసికొని, తక్కువ కాలములో తిరిగి వచ్చినవారిదే గెలుపు. ఒక్క గుర్తు విడిచినా ఆ పరుగు చెల్లదు.

పటములోని రంగుల భాష వేరు. మామూలు పటములలో అడవి ఆకుపచ్చగా ఉంటుంది. ఈ ఆట పటములో మాత్రము, సులభముగా పరుగెత్తదగిన అడవి తెల్లగా ఉంటుంది. ఆకుపచ్చ ముదిరిన కొద్దీ పొద దట్టమని అర్థము. పసుపు బయలు నేల, నీలము నీరు, గోధుమరంగు గీతలు నేల ఎత్తుపల్లములు. 1:10,000 కొలత గల పటములో ఒక సెంటీమీటరు నేలమీద 100 మీటర్లు.

ఇక నేర్పు సంగతి. అనుభవజ్ఞుడు గుర్తు వైపు తిన్నగా దూకడు. దాని దగ్గర తప్పిపోని ఆనవాలు, ఒక కల్వర్టో, రెండు దారుల కూడలో చూచుకొని, అక్కడి వరకు వేగముగా పోయి, అక్కడినుండి మెల్లగా, జాగ్రత్తగా వెదకుతాడు. వాగు ఒడ్డున ఉన్న గుర్తుకు పోవలసివస్తే, కావాలనే కొంచెము ఎడమకు గురిపెట్టి పోతాడు. వాగు తగలగానే కుడికి తిరుగవలెనని అతనికి ముందే తెలుసు. తిన్నగా పోయినవాడికి, గుర్తు కనబడనప్పుడు ఎటు తిరుగవలెనో తెలియదు.

రామకృష్ణాపూర్ వంటి సింగరేణి పట్టణమువారికి ఈ విద్య పరాయిది కాదు. భూగర్భ గనిలో బొగ్గు స్తంభముల నడుమ దారులన్నీ ఒకే తీరున ఉంటాయి. ఎన్నవ డిప్పు, ఎన్నవ లెవెల్ అని లెక్క పెట్టుకొననివాడు అక్కడ నడువలేడు. సర్వేయరు గీసిన పటము ప్రాణరక్షకమని కూడా గనులవారికి చెప్పనక్కరలేదు. 1975 డిసెంబరులో బీహారు చస్‌నాలాలో, పాత గనిలో నిలిచిన నీరు పని జరుగుతున్న గనిలోకి విరుచుకుపడి 375 మంది మరణించినారు. పాత పనుల హద్దులు తెలిసి ఉండుట ఎంత అవసరమో ఆ దుర్ఘటన చాటుతున్నది.

కాలనీ క్వార్టర్లు కూడా మంచి బడియే. ఒకే తీరు వరుసలలో, పక్క వరుసను మన వరుసగా పొరబడుట కొత్తవారికి అలవాటు. అడవిలోనూ జరిగే పొరపాటు ఇదే: ఒక లోయను చూచి పక్క లోయ అనుకొనుట. మందు ఒకటే. ‘తరువాత నాకు ఏమి కనబడవలెను?’ అని ముందుగా అనుకొని, అది కనబడకపోతే వెంటనే ఆగుట.

ఈ సాధనకు ఇల్లు చాలును. మొదట, పటమును పది సెకనులు చూచి, మూసి, ఒక గుర్తునుండి మరొక గుర్తుకు దారిని కాగితముపై గీయండి. రెండవది, మెట్లు ఎక్కిదిగి రొప్పుతున్నప్పుడే పటము తీసి చదవండి. అలసిన మెదడు ఎట్లు తప్పు చేస్తుందో తెలిసివస్తుంది. మూడవది, మైదానములో 100 మీటర్లు కొలిచి, కుడికాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కించండి. నడకలో 62 సార్లనుకుంటే, పటములో 3 సెంటీమీటర్ల దూరానికి 186 సార్లు.

శరీరమునకు దండాలు, బస్కీలు, మెట్లు ఎక్కుట చాలును. ఎగుడుదిగుడు నేలపై మొదట దెబ్బ తగిలేది చీలమండకు. కనుక రోజూ పళ్ళు తోముకొనేటప్పుడు ఒంటికాలిపై నిలువండి, పిమ్మట కాలు మార్చండి. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. రాత్రి షిఫ్టు దిగినవారు ముందు నిద్రపోవలెను. నిద్ర తగ్గించి చేసిన పరుగు మేలుకన్న కీడే చేస్తుంది. ఎండకాలములో ఈ ప్రాంతపు వేడికి తెల్లవారుజామే తగిన వేళ. ఎక్కువగా చెమట పోస్తే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి త్రాగండి. నలుబది దాటినవారు వైద్యుని అడిగి మొదలుపెట్టుట మేలు.

చోటు విషయములో ఒక హెచ్చరిక. ఓపెన్‌కాస్టు గనుల చుట్టూ పేరుకొన్న మట్టిదిబ్బలు, మూసిన గనుల నేలలు సాధనకు పనికిరావు. అవి జారవచ్చును, కుంగవచ్చును. పట్టాలు, ఇనుప స్తంభములు, బండ్ల దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తొలగుతుంది. అడవిలోకి పోయేటప్పుడు అటవీశాఖ అనుమతి తీసికొని, ఎవరికైనా చెప్పి, ఇద్దరుగా పొండి.

దారి తప్పుట ఈ ఆటలో సిగ్గుపడవలసినది కాదు. తప్పినామని తెలిసి కూడా ఆగక మరింత వేగముగా పరుగెత్తుటయే అసలు తప్పు. ఆగి, పటమును ఉత్తరమునకు త్రిప్పి, చివరిసారి నిశ్చయముగా తెలిసిన చోటుకు మరలిపోవలెను. తొలి పాఠముగా ఈ ఆదివారము మీ కాలనీ పటమును మీరే గీయండి. పిల్లలను వెంట తీసికొని, ఆ కాగితము చేతబట్టి ఇంటినుండి నీళ్ళ ట్యాంకు దాకా నడచి చూడండి. గీసినది ఎక్కడ తప్పినదో నేలయే చెప్పుతుంది.