మంచు చిత్రములు – మన యింటి చుట్టలు



మన భాషలో మంచు అను మాట మిక్కిలి విశాలమైనది. తెల్లవారుజామున గడ్డిపై నిలుచు బిందువును మంచే. శీతకాలమున లంబసింగి దారిని గప్పు పొగయు మంచే. కాని కొండలపై మొలబంటి లోతున బడు హిమమును కన్నులార జూచినవారు మన విశాఖపట్టణపు గృహిణులలో నెందఱు? సముద్రపుటొడ్డున నున్న మనలో బెక్కండ్రకు అది వెండితెరపై మాత్రమే లభించు దృశ్యము.

ఆ దృశ్యమును లోకమునకు జూపినవారిలో ముఖ్యుడు ఆర్నాల్డ్ ఫాంక్ అను జర్మనుడు. ఈతడు భూగర్భశాస్త్రము చదివినవాడు. స్కీలనగా కాళ్ళకు బిగించుకొని మంచువాలుపై జారుటకైన పొడవాటి సన్నని పలకలు. ఆ విద్యనుగూర్చి ఫాంక్ 1920లోనే యొక చిత్రమును దీసెను. బరువైన కెమేరాను కొండలపైకి జేర్చి, నిజమైన మంచులోనే చిత్రించుట ఈతని పద్ధతి. 1931లో వెలువడిన ‘తెల్లని మైకము’ అను నర్థముగల చిత్రమున, ఆస్ట్రియాలోని ఆర్ల్‌బెర్గ్ కొండలకు వచ్చిన యొక యువతి స్కీ విద్య నేర్చుకొనును. పడును, లేచును, మరల బడును, తుదకు నేర్చును. ప్రసిద్ధ స్కీ గురువు హాన్నెస్ ష్నైడర్ ఇందు నటించెను. ఈ చిత్రము నేటికిని చూడ దొరకుచున్నది.

మఱి మన చిత్రముల మాట యేమి? 1921లో రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారుడు ప్రకాశ్‌గారును ‘భీష్మ ప్రతిజ్ఞ’ అను మూకీచిత్రమును నిర్మించిరి. దాని ప్రతి యొక్కటియు నేడు కానరాదు. ఎక్కడి మంచుకొండలనో చూడగలుగుచున్నాము. మనవారి తొలి చిత్రమును చూడలేకున్నాము!

వేడియు తేమయు ఫిల్ముకు బద్ధశత్రువులు. మన సముద్రతీరమున రెండును సమృద్ధిగా గలవు. కావున తాతగారి విదేశయాత్రయో, అత్తగారి పెండ్లియో చిత్రించిన పాత ఫిల్ముచుట్టలు మీ యింట నుండినచో నేడే వెదకి తీయుడు. అటుకమీది వేడిలో నుంచరాదు. చల్లగా, పొడిగా నుండు చోట నుంచవలెను. డబ్బా మూత తీయగనే వెనిగరు వాసన వచ్చినచో ఫిల్ము చెడుచున్నదని తెలియవలెను. ఆ చుట్టను తక్కినవానినుండి వేఱుచేయుడు. ముడుచుకొనిన ఫిల్మును యంత్రమున నాడించినచో తెగిపోవును. 1950కి పూర్వపు ఫిల్ములలో కొన్ని యిట్టె అంటుకొనును గనుక దీపమునకు దూరముగా నుంచుడు. తెలిసినవారిచేత డిజిటల్ ప్రతి తీయించి, అందున్నవా రెవరో పెద్దలనడిగి డబ్బాపై వ్రాసియుంచుడు. పెద్దలు దాటిపోయిన పిమ్మట ఆ ముఖములకు పేర్లు చెప్పువా రుండరు.

ఏడాదిపొడవున ఆవకాయ జాడీకి తడి తగులకుండ కాపాడ నేర్చిన చేతులకు ఇది యొక పెద్దపని కాదు.