లేమినాటి గృహశోభ

“ఇల్లు చూచి ఇల్లాలిని చూడుము” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట వినినప్పుడెల్ల నాకు చిన్ననాటనుండి ఒక సందేహము కలుగుచుండెడిది. ఇంటి శోభకు ధనము కావలెను గదా! ధనము లేని ఇల్లాలిని ఆమె యింటిని చూచి నిర్ణయించుట న్యాయమా? కలవారి యిండ్లలోని చలువరాతి నేలలను, నగిషీపని చేసిన బీరువాలను, పట్టుతెరలను చూచి, సొగసు అనునది అంగడిలో కొనితెచ్చుకొనదగిన వస్తువనియే నేనును తలచుచుంటిని. ఆ యభిప్రాయము తప్పని నాకు నేర్పినది సుఖకాలము కాదు, కష్టకాలము. ఆ సంగతిని సోదరీమణులతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మావారు ఖమ్మములో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయులు. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. అంతకు కొలదిదినములు ముందుగనే బడులు మూతపడెను. మొదటి రెండుమాసములు సగము జీతము ముట్టెను; పిదప అదియు నిలిచిపోయెను. ఇంటిలో మేమిద్దరము, మా అత్తగారు, పదేండ్ల అమ్మాయి, ఆరేండ్ల పిల్లవాడు. ఇల్లు అద్దెది. నా చేతి గాజులు తాకట్టునకు పోయినవి. మావారు సాయంకాలములందు ఒక కిరాణాకొట్టులో పద్దులు వ్రాసి కొంత తెచ్చుచుండిరి. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వమువారు ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు నెలకు 2000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు నిర్ణయించువరకు మా సంసారము ఇట్లే సాగెను. మా వలె దినములు గడపిన ఉపాధ్యాయ కుటుంబములు మా వీధిలోనే మరి రెండు కలవు.

చేతిలో డబ్బు లేకున్నచో ముందు వంటిల్లు చిన్నబోవుననుకొందుము. మా యింట ముందుగా చిన్నబోయినది వాకిలి. ఉదయము లేచుటకే నాకు మనసు లేకపోయెను. ఎవరు వచ్చి చూచెదరు, ఎవరికొరకు ఊడ్వవలెను అను నిర్వేదము పుట్టెను. చల్లిన కళ్ళాపి చల్లినట్లే ఆరిపోవుచుండెను గాని ముగ్గు పెట్టుట మానివేసితిని. ఇట్లు పదిదినములు కాగా, ఒకనాటి ప్రొద్దున మా అమ్మాయి గుమ్మములో నిలువబడి, “అమ్మా, మన యింటిలో ఎవరైనా పోయినారా?” అని అడిగెను.

నేను త్రుళ్ళిపడి, “అవేమి మాటలే?” అంటిని.

“ముగ్గు లేదు గదమ్మా. ఎవరైనా పోయినప్పుడే గదా వాకిట ముగ్గు వేయరు?” అనెను.

సోదరీమణులారా! మైలదినములలో ముగ్గు పెట్టకుండుట మన యాచారమని మీరెరుగుదురు. ఆ పసిదాని కన్నులకు మా యిల్లు మైలపడిన యిల్లువలె కనబడుచున్నదని నాకప్పుడు తెలిసెను. అందరమును బ్రతికియుండగా, ఒకరి జీతము పోయినంతమాత్రమున ఇంటికి చావుకళ తెచ్చినదాననైతిని. ఆ క్షణముననే చీపురు చేతబట్టితిని.

బియ్యపుపిండితో ముగ్గు పెట్టుట మా అత్తగారికి ప్రీతి. చీమలకును పిచ్చుకలకును అది యాహారమని యామె చెప్పుదురు. కాని ఆ దినములలో బియ్యము మాకే కొలతగా నుండెను. కావున ముగ్గురాతిపొడినే వాడితిమి. అది కొలది పైకములకే వచ్చును. అమ్మాయికి చుక్కలు పెట్టుట నేర్పితిని. నడిమి వరుసలో 7 చుక్కలు. దానికి ఎగువను దిగువను సందుచుక్కలుగా 6, 5, 4 వరుసలు. ఇది చూచి మావారు అరుగుమీదనుండి దిగివచ్చి, “మొత్తము చుక్కలెన్నో లెక్కింపకుండ చెప్పగలవా, తల్లీ?” అనిరి. ఆరును అయిదును నాలుగును కలిసి 15. అట్టివి రెండు ప్రక్కలు గనుక 30. నడిమి యేడును కలిపిన 37. మరునాడు 9 మొదలు 5 వరకు పెట్టి, 61 అని అదియే ముందుగా చెప్పెను. ఆన్‌లైను పాఠములు వినుటకు మా యింట ఉన్నది ఒక్క ఫోను, అదియు పగిలినది. ఆ యేడు మా పిల్లకు గణితశాల మా వాకిలియే. మాసముల తరబడి పాఠము చెప్పుట కరవైయుండిన మావారి ముఖమున మరల గురుకళ కనబడినదియు ఆ వాకిటనే.

వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో తండులకుసుమబలివికారము అనునదొకటి. అనగా బియ్యముతోడను పూవులతోడను నేలపై రచనలు చేయుట. శయనరచనమును, సూచీకర్మమును అందే చేరియున్నవి. మా నాయనగారియొద్ద ఇంటనే చదువుకొన్న దినములలో ఈ పేర్లను వల్లించితినే గాని, ఇవి రాజాంతఃపుర విలాసములని భావించి విడిచితిని. ముగ్గు పెట్టుట, పక్క పరచుట, సూదితో కుట్టుట, ఇవి దినదినము మన చేతులు చేయుచున్న పనులే! సంగీత సాహిత్యముల పంక్తిలో వానిని కూర్చుండబెట్టిన పూర్వులు మనకంటె వాని విలువ ఎరిగినవారు.

వాకిలి బాగుపడిన పిమ్మట నా దృష్టి లోపలికి మరలెను. ఆ వేసవిలో ఫ్రిజ్జు చెడిపోయెను. బాగుచేయించుటకు డబ్బు లేదు. కుమ్మరివానియొద్ద ఒక కుండ కొంటిమి. కొత్తకుండను ఒక దినము నీటిలో నానవేసి, కిటికీ ప్రక్కను ఇసుక పోసి దానిపై నిలిపితిని. కుండ గోడలలోని సన్నని రంధ్రములగుండ నీరు చెమర్చి ఆవిరియగుచుండును. ఆవిరియగుటకు కావలసిన వేడిమిని అది లోని నీటినుండియే లాగుకొనుటచే ఆ నీరు చల్లబడును. కావున గాలియాడని మూలనుంచిన కుండ చల్లబడదు. దానిని సబ్బుతో తోమరాదు. మన్ను ఆ వాసనను పీల్చుకొనును. కొబ్బరిపీచుతో వట్టినీట కడిగిన చాలును. ఇసుకలో నాలుగు గింజలు ఆవాలు చల్లగా మూడవనాటికి పచ్చని మొలకలు వచ్చెను. మా పిల్లవాడు నీళ్ళకు వచ్చినప్పుడెల్ల వానిని తాకి చూచి పోవుచుండెను. ఫ్రిజ్జును అట్లు తాకి మురిసినవారిని నేను చూడలేదు.

ఇక మీతో దాచక చెప్పవలసిన సంగతి యొకటి కలదు. శ్రావణమాసమున అద్దె చెల్లింపలేక మా అత్తగారి ఇత్తడి గంగాళమును అమ్మితిమి. ఆమె పెండ్లినాటి సారెలో వచ్చినది. పాతసామానులవాడు దానిని బోర్లించి తూకము వేసి తొమ్మిది కిలోలనెను. ఆ సొమ్ము ఒక నెల అద్దెకు సరిపోయెను. ఆ గంగాళములో ఎన్ని పెండ్లిండ్లకు నీళ్ళు కాగినవో, ఎందరు బాలింతలు స్నానమాడిరో ఆ త్రాసునకేమి తెలియును? అత్తగారు ఒక్క మాటయు అనలేదు. “అమ్మాయీ, ఆ రాగిచెంబు మాత్రము ఇయ్యకుము” అని మాత్రమే అనిరి.

అది మా అమ్మమ్మ నాకిచ్చిన చెంబు. ఏండ్ల తరబడి అటకమీద నల్లబడి పడియుండెను. ఆ సాయంకాలమే దానిని దింపి, చింతపండును ఉప్పును చేర్చి తోమితిని. చింతపండులోని పులుపు లోహముపైని నలుపును కరిగించును. పిదప మంచినీట కడిగి పొడిబట్టతో తుడువనిచో మరల మచ్చలు పడును. తోమగా తోమగా మెడక్రింద చుక్కచుక్కలుగా పొడిచిన అక్షరములు బయటపడెను: మా అమ్మమ్మ పేరు. అమ్మాయి వ్రేలితో ఆ చుక్కలను తడవి, “ఇదియు చుక్కల ముగ్గే గదమ్మా!” అనెను. నాటినుండి ఆ చెంబు వాకిటి గూటిలో నిలిచినది. పెరటిలో ఏ పువ్వు పూచిన అది అందులో; పువ్వు లేనినాడు వేపరెమ్మ. ఒక హెచ్చరిక: కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుసు, మజ్జిగవంటి పుల్లని పదార్థములు ఉంచరాదు, పులుపునకు లోహము కరిగి ఆహారమున చేరును. మా చెంబునకు పూవులే తగినవి.

చలికాలము రాగా పిల్లలకు కప్పుకొనుటకు చాలినన్ని దుప్పట్లు లేవు. అత్తగారు తమ పెట్టె తెరచి జీర్ణించిన నూలుచీరలను తీసి బొంత కుట్టుట నాకు నేర్పిరి. సంస్కృతమున కంథ యనునది ఇదియే. వంగదేశపు స్త్రీలు నేటికిని ఆ పేరనే కుట్టుచున్నారు. రెండు చీరలను నడిమికి చించిన నాలుగు పొరలగును. ముతకవి లోపలను, మెత్తనివి వెలుపలను ఉండునట్లు పరచి, నాలుగంచులును ముందుగా పెద్దకుట్లతో బిగించి, పిదప నడిమినుండి అంచులవైపునకు దూరకుట్టు వేయవలెను. నడుమ ముడుత మిగిలిన పనియంతయు చెడును. చిరుగులున్నచోట రంగు రవికె గుడ్డలను మామిడిపిందె ఆకారమున కత్తిరించి అతికితిమి. అత్తగారు కుట్టుచునే, “ఇది మీ మామగారు మొదటి జీతముతో తెచ్చినది, ఇది మీ ఆయన పుట్టినప్పటిది” అని చెప్పుచుండిరి. గంగాళము పోయిన తరువాత ఆమె నోరువిప్పి ముచ్చటలాడినది అప్పుడే. బొంత ముగియుటకు మూడువారములు పట్టెను. దానిని కప్పుకొన్నవాడు చిన్నవాడు. చలి తీరినది ఆమెకు.

2021 సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టవలెనని పిల్లలు పట్టుపట్టిరి. కొండపల్లి దశావతారముల పెట్టెలో వామనుని గొడుగు, పరశురాముని చేయి విరిగియున్నవి. ఆ బొమ్మలు తేలికయైన తెల్లపొణికి కొయ్యతో చేయబడును. కొండపల్లి పనివారు అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొడితో కలిపిన ముద్దతో అతుకుదురు. దానిని మక్కు అందురు. మావారు వడ్రంగి దుకాణమునుండి గుప్పెడు రంపపుపొడి తెచ్చిరి. నేను చింతగింజలను వేయించి, పొట్టు తీసి, విసరి, ఉడికించితిని. పరశురాముని చేయి కొంచెము వంకరగా అతికినది. మా పిల్లవాడు, “గొడ్డలి బరువు గదా, అందుకే వంగినది” అని సమాధానము చెప్పెను. తాకట్టుకొట్టునకు పోయివచ్చిన దినముననే మేమందరము పగలబడి నవ్వితిమి.

ఇట్లుండగా పొరుగింటి పెద్దమ్మగారొకరు, “ఏమమ్మా, తినుటకు జరుగకున్నను మీ యింట ముస్తాబునకు లోటు లేదే!” అనిరి. ఆ మాట నన్ను చాల నొప్పించినది, రాత్రి నిద్రపట్టలేదు. ఆలోచింపగా అందులో కొంత న్యాయము కలదని తోచెను. ముగ్గు కడుపు నింపదు. రాగిచెంబు అద్దె కట్టదు. ఆకలిగొన్నవారికి గృహాలంకరణము బోధించుట క్రూరత్వము. మమ్ము నిలిపినవి మావారి పద్దుల కూలియు, బంధువులిచ్చిన అప్పును, ప్రభుత్వపు బియ్యమును. వానిని మరచి, ఇల్లాలి చిరునవ్వే సర్వమును చక్కబెట్టునని చెప్పువారి మాటలను నేను నమ్మను. ఇంటిని వెలిగించుభారమంతయు స్త్రీపైననే వేయుటయు తగదు. మా వారు చీపురు పట్టిన దినములును, కుండ నింపిన దినములును పెక్కులు.

అయినను ఆమెకు నేనీయవలసిన ప్రత్యుత్తరమొకటి మిగిలియున్నది. కుచేలుడు చినిగిన కొంగున మూటగట్టుకొనిపోయిన అటుకుల వెల ఏపాటిది? అయినను ఆ యిల్లాలు వట్టిచేతులతో భర్తను పంపలేదు. లేమి మననుండి ధనమును తీసికొనిపోవును. ఊరకున్నచో మన యింటిపై మనకుగల ప్రేమనుకూడ తీసికొనిపోవును. మొదటిదానిని ఆపుట మనచేతిలో లేకపోవచ్చును. రెండవదానిని గుమ్మముకడనే నిలిపివేయవచ్చును.

కష్టములోనున్న సోదరి యెవరైన ఇది చదివినచో ఆమెకు నా మనవి ఒక్కటే. ఇల్లంతయు ఒకేసారి సరిదిద్దబూనకుము. ఏదైన ఒక మూలను చేకొనుము. అక్కడి అనవసర వస్తువులను తీసివేసి, తుడిచి, నీకు ప్రియమైన పాతవస్తువు నొకదానిని అక్కడ నిలుపుము. క్రొత్తది కొనవలదు. అది ఎవరిదో, ఎట్లు వచ్చినదో పిల్లలకు చెప్పుము. మరునాడును ఆ మూలను తుడువుము. అంతియే.

2021 ఫిబ్రవరిలో బడులు కొన్ని తరగతులకు తెరచి, మార్చిలో మరల మూసిరి. సెప్టెంబరునుండి తిరిగి నడచినవి. మావారి జీతము క్రమముగా కుదుటబడినది. గాజులను విడిపించుకొంటిని. గంగాళము మాత్రము తిరిగిరాలేదు. అది ఏ కొలిమిలో కరిగినదో! పెరటిలో దాని చోటు ఇప్పటికిని గుండ్రని మచ్చగా తెలియుచున్నది. మా అమ్మాయి దానిని చూచి ఒక పండుగనాడు ఆ గుండ్రమునే నడుమ నుంచి, చుట్టును ముగ్గు వేసెను. అత్తగారు వచ్చి చూచి, చాలసేపు అక్కడనే నిలువబడిరి. పిమ్మట వంగి, అమ్మాయి మరచిన ఒక చుక్కను తామే పెట్టిరి.