మూలన పడ్డ ఇంజను

చేలో వేరుశనగ ఊడలు దిగుతోంది. ఆ సమయంలో తడి లేకపోతే కాయ ఊరదు. సరిగ్గా అప్పుడే కరెంటు మోటారు కాలిపోయింది. వైండింగుకు వారం పడుతుందన్నాడు మెకానిక్కు. పైరు వారం ఆగుతుందా?

"పాకలో మన పాత ఆయిలింజను ఉంది కదే అమ్మాయీ" అంది అత్త.

"అది తిరిగి నాలుగేళ్ళయింది అత్తా. ఇంకేం తిరుగుతుంది?" అంది కోడలు.

"ఇనుమేగా, యాడికి పోద్ది? చూద్దాం పద."

కరెంటు మోటార్లు వచ్చాక చాలా ఊళ్ళలో ఆయిలింజన్లు ఇలాగే మూలన పడ్డాయి. ఊరికే ఉన్న ఇంజను అరిగిపోదు. కానీ తుప్పు పడుతుంది. లోపలి డీజిలు బంకగా మారుతుంది. అందుకే చూడగానే హ్యాండిలు వేసి తిప్పకూడదు.

ముందు ఇది ఎలా నడుస్తుందో తెలుసుకుందాం. స్కూటరుకు ఉన్నట్టు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు దీనికి ఉండదు. సిలిండరు అనే లావుపాటి గొట్టంలో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పైకి వచ్చినప్పుడు గాలిని గట్టిగా అదుముతుంది. సైకిలుకు గాలి కొడుతుంటే పంపు అడుగు వేడెక్కుతుంది కదా! అదే సంగతి. ఇంజనులో ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులో డీజిలు సన్నటి తుంపరగా పడగానే భగ్గుమంటుంది. ఆ ఊపుకు పిస్టను కిందికి పోతుంది. చక్రం తిరుగుతుంది.

దీన్ని తయారుచేసింది రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు. 1893లో ఆయన చేసిన మొదటి ప్రయత్నం కుదరలేదు. 1897 నాటికి ఇంజను బాగా నడిచింది. ఆయన పేరే ఇంజనుకూ, నూనెకూ వచ్చింది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనును వేరుశనగ నూనెతో కూడా నడిపి చూపారు! అలాగని ఇంట్లో నూనె తెచ్చి పొయ్యకండి. నిలవ ఉంటే అది బంకై పైపులను పూడ్చేస్తుంది.

అత్తాకోడళ్ళు ఇంజను మీది దుమ్ము తుడిచారు. పొగగొట్టంలో కందిరీగల మట్టిగూడు ఉంది. గాలి పీల్చే డబ్బాలో ఎలుక గడ్డీ గుడ్డపీలికలూ చేర్చింది. అన్నీ తీశారు. ట్యాంకులోని పాత డీజిలు సీసాలోకి వంపారు. కాసేపటికి సీసా అడుగున నీళ్ళు తేరుకున్నాయి. నీళ్ళు డీజిలు కన్నా బరువు. ట్యాంకు అడుగున చేరేవి అవే. ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, కొత్త డీజిలు పోశారు. ఇంజనాయిలు పాలు పోసిన టీలాగా కనిపిస్తే నీళ్ళు కలిశాయన్నమాట. ఎలా ఉన్నా, ఇన్నాళ్ళు నిలవున్న ఆయిలు మార్చడమే మంచిది.

తర్వాత చక్రాన్ని చేత్తో మెల్లగా కదిపారు. కదలలేదు. పిస్టను పట్టేసింది. ఇక్కడే చాలామంది గడ్డపార పెట్టి ఎత్తుతారు. అలా చేస్తే ఉన్నది విరుగుతుంది. మెకానిక్కు వచ్చి, డీజిలు చిమ్మే ఇంజెక్టరు ఊడదీసి, ఆ కంతలో కాస్త కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోశాడు. మర్నాటికి చక్రం అటూ ఇటూ ఊగింది. మధ్యాహ్నానికి పూర్తిగా తిరిగింది.

ఇంజెక్టరు పనిచేస్తుందా లేదా అని చెయ్యి అడ్డం పెట్టి చూడకూడదు. ఆ తుంపర సూదిలాగా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్కే కనపడుతుంది, నొప్పీ పెద్దగా ఉండకపోవచ్చు. కానీ లోపల కండ కుళ్ళి, వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే వెంటనే ఆస్పత్రికి వెళ్ళి, డీజిలు గుచ్చుకుందని చెప్పాలి.

ఇంకొకటి. తిప్పడానికి ముందు ఇంజను ఆపే మీట చూసుకోవాలి. పాత ఇంజనులో అది బిగుసుకుపోయి ఉండొచ్చు. ఆగని ఇంజను నడవని ఇంజను కన్నా ప్రమాదం.

చల్లబరిచే నీళ్ళు పెట్టారు. కోడలు పైట బిగించి దోపింది, జడ ముడి వేసుకుంది. చక్రానికీ బెల్టుకూ పైట చిక్కితే మనిషినే లాగేస్తాయి. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచాలి. ఇంజను వెనక్కి తన్నితే చెయ్యి జారి బయటికి వస్తుంది, వేలు విరగదు. ఒత్తిడి వదిలే మీట ఎత్తి గబగబా తిప్పింది. వేగం అందుకోగానే మీట దించింది. టక్, టక్, టక్... ఒక్క నిమిషం. ఆగిపోయింది.

"పైపులో గాలి ఉందేమోనే" అంది అత్త.

నిజమే. డీజిలు పైపులో గాలి బుడగ ఉంటే తుంపర పడదు. ఫిల్టరు దగ్గరి నట్టు కొంచెం వదులు చేశారు. బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా వదిలారు. నట్టు బిగించారు. ఈసారి ఇంజను అందుకుంది.

మొదట తెల్లపొగ వచ్చింది. చల్లగా ఉన్న ఇంజనుకు అది మామూలే. తగ్గకపోతే డీజిలు సరిగా మండటం లేదు, లేదా లోపల నీళ్ళు ఉన్నాయి. నల్లపొగ వస్తే గాలి చాలలేదని, లేదా బరువు ఎక్కువైందని. నీలంగా వస్తే ఇంజనాయిలు మండుతోందని. ఏ రంగు పొగైనా తలుపులు మూసిన పాకలో ఇంజను నడపకూడదు. పొగలో ఉండే ఒక విషవాయువుకు వాసనే ఉండదు. మనిషి తెలియకుండానే పడిపోతాడు.

పంపులో నీళ్ళు పోసి వాల్వు తిప్పారు. వాగు నీళ్ళు కాలవలోకి దూకాయి. చీకటి పడేసరికి సగం చేను తడిసింది.

ఇంజను చల్లారాక కోడలు పొగగొట్టం మీద కొబ్బరిచిప్ప బోర్లించింది.

"రేపు తిప్పేముందు అది తియ్యడం మర్చిపోకే" అంది అత్త.