సోమశిలలు రెండు, ఆత్మకూర్లు ఏడు

పాత కాగితం వెదికేవారికి పేరు ఒక్కటే చాలదు

సోమశిల: తాతల నాటి పొలం లెక్కో, గుడి శాసనమో, ముంపు నాటి ఉత్తర్వో కావాలంటే ఒకప్పుడు కచ్చేరీల చుట్టూ చెప్పులరిగేలా తిరగవలసి వచ్చేది. ఇప్పుడు చాలా దస్తరాలు కంప్యూటర్లోకి ఎక్కాయి. సెల్‌ఫోనులో ఊరి పేరు కొడితే చాలు, పుట్టలోంచి చీమలు వచ్చినట్లు కాగితాలు బయటికి వస్తున్నాయి. చిక్కల్లా ఒక్కటే. వచ్చినవన్నీ మన ఊరివి కావు.

రెండు నదులు, ఒకే పేరు

సోమశిల అనగానే మన జిల్లా వారికి పెన్నా నది, 78 టి.ఎం.సి.ల జలాశయం గుర్తుకొస్తాయి. కాని తెలంగాణలో కొల్లాపూర్ దగ్గర కృష్ణా తీరాన మరో సోమశిల ఉంది. ఇక్కడ సోమేశ్వరుడు ఉన్నట్లే అక్కడా సోమేశ్వరుడున్నాడు. ఇక్కడ మన జలాశయం కింద ఊళ్లు మునిగినట్లే అక్కడ శ్రీశైలం జలాశయం కింద మునిగాయి. అక్కడి ఆలయాన్ని ముంపు వల్లే వేరే చోటికి తరలించారు. కనుక ‘సోమశిల ముంపు’ అన్నా, ‘సోమశిల ఆలయం’ అన్నా రెండు ఊళ్ల సంగతులూ కలగలిసి వస్తాయి. 2022లో కేంద్రం ఆమోదించిన సోమశిల వంతెన కూడా కృష్ణ మీదిదే గాని పెన్న మీదిది కాదు.

వీటిని విడదీసే కిటుకు ఒకటుంది. నెల్లూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. కొల్లాపూర్ ప్రాంతం నిజాం ఏలుబడిలోది. పాత కాగితం మద్రాసు ప్రభుత్వానిదైతే మన వైపుది. ఉర్దూలో ఉండి హైదరాబాదు సర్కారుదైతే ఆ వైపుది. నది పేరు కూడా కలిపి వెదికితే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. అయితే పాత ఇంగ్లీషు కాగితాల్లో పెన్నను ‘పెన్నార్’ అని రాసేవారు. ఆ మాటతోనూ వెదకాలి.

గజపతుల పేరుతో మరో తికమక

ఉదయగిరి సంగతి మరీ చిత్రం. ఒడిశాలో భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి గుహలున్నాయి. మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర గుప్తుల కాలపు ఉదయగిరి ఉంది. కన్యాకుమారి జిల్లాలో ఉదయగిరి కోటే ఉంది. ‘కోట’ అని చేర్చినంత మాత్రాన మన దుర్గమే వస్తుందన్న భరోసా లేదు.

పోనీ, ఒడిశా గజపతుల పేరు కనబడితే అది ఒడిశా ఉదయగిరి అనుకుని పక్కన పెట్టేద్దామా అంటే అదీ పొరపాటే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు మన ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నది గజపతుల చేతిలోంచే. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుని విగ్రహానికే హంపీలో 1515లో గుడి ప్రతిష్ఠించారు. అంటే హంపీ శాసనాల్లోనూ మన ఊరి చరిత్ర ఉందన్నమాట.

ఇక ఆత్మకూరు పేరిట మండల కేంద్రాలే ఏడున్నాయి. మన జిల్లాతో పాటు నంద్యాల, అనంతపురం, వనపర్తి, హనుమకొండ, సూర్యాపేట, యాదాద్రి జిల్లాల్లో ఒక్కొక్కటి ఉంది. ‘ఆత్మకూరు సబ్ రిజిస్ట్రారు’ అని ఉన్నంత మాత్రాన సంబరపడరాదు. జిల్లా పేరు చూడాలి.

ఆ జిల్లా పేరుకూ ఒక మెలిక ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కందుకూరు, కనిగిరి, పొదిలి తాలూకాలు నెల్లూరులోనే ఉండేవి. 2022లో సరిహద్దులు మళ్లీ మారాయి. 1985లో మండలాలు రాకముందు కాగితాలన్నీ తాలూకా పేరు మీదే నడిచాయి. అనంతసాగరం మండలంలోని సోమశిలను పాత పుస్తకాల్లో ఆత్మకూరు తాలూకా కింద చూడాలి. బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి 1905లో మూడు భాగాలుగా వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటం కూడా తాలూకాల వారీగానే ఉంది. దాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు.

ఊరికి నలుగురు పెంచలయ్యలు

ఊళ్ల పేర్లు కలిస్తే చరిత్ర తారుమారవుతుంది. మనుషుల పేర్లు కలిస్తే పొలమే తారుమారవుతుంది. పెంచలకోన నరసింహస్వామిని కొలిచే ఈ సీమలో ఏ ఊరికెళ్లినా పెంచలయ్యలు, పెంచలమ్మలు ఉంటారు. ఒకే ఇంట తాతకూ మనవడికీ ఒకే పేరుండటం పరిపాటి. ఒక పెంచలయ్య ఖాతాలో చేరవలసిన సెంట్లు ఇంకో పెంచలయ్య ఖాతాలో చేరితే పాసు పుస్తకం, బ్యాంకు అప్పు, వారసత్వం అన్నీ చిక్కులో పడతాయి.

పైగా ఇంగ్లీషు రిజిస్టర్లలో ఒకే మనిషి పేరును గుమాస్తాకొక తీరున రాశారు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా, ఇంకోచోట అసలే లేకుండా ఉంటుంది. ఆడపడుచుల ఇంటిపేరు పెళ్లితో మారడం సరేసరి. అందుచేత పేరును నాలుగైదు రకాలుగా రాసి వెదకాలి. దొరికినదాన్ని తండ్రి పేరుతో, సరిహద్దు రైతుల పేర్లతో పోల్చి చూడాలి.

పేరు మోసం చేసినా నంబరు అంతగా మోసం చేయదు. 2015లో వచ్చిన మీభూమిలో సర్వే నంబరుతో గాని, ఖాతా నంబరుతో గాని అడంగల్, 1-బి చూడవచ్చు. అయితే రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. పాతది, కొత్తది రెండూ ఒకేచోట రాసి పెట్టుకోకపోతే రేపు పిల్లలకు తాత దస్తావేజుకూ తమ పాసు పుస్తకానికీ లంకె దొరకదు.

ఫోనులో తీసిన బొమ్మ దారి చూపడానికే గాని సాక్ష్యానికి పనికిరాదన్నది మరువరాదు. కాగితం మనదేనని తేలాక తహసీల్దారు కార్యాలయంలోనో, సబ్ రిజిస్ట్రారు వద్దో ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఏ పెంచలయ్య ఎవరి కొడుకో, ఏ చెలక ఎవరిదో నోటికి చెప్పగల వారు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. వారు చెప్పే ఇంటిపేర్లు, పొలాల వాడుక పేర్లు, మునిగిన ఊళ్ల హద్దులు ఏ కంప్యూటర్లోనూ లేవు. వారుండగానే అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటే, రేపు తెరమీద పది కాగితాలు కనబడినప్పుడు మనదేదో తేల్చేది ఆ పుస్తకమే.